నర్సవ్వ వేసిన తొమ్మిది ముళ్లు

ఎనిమిదేళ్లుగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేకపోతున్నాను, కక్కలేకపోతున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. చెబుదామని ఎదురుగా కూర్చుని, కూరలో ఉప్పు గురించి ఏదో మాట్లాడి లేచిపోయిన రోజులున్నాయి. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మీరు నన్ను చూడరు, నేను మీ ముఖంలోకి చూడనక్కర్లేదు. పిరికివాడికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఏముంటుంది?

నేను దొంగతనం చెయ్యలేదు. ఎవరినీ కొట్టలేదు. ఒక నోటుబుక్కులో నాలుగు గళ్లలో 'లేదు' అని రాశాను. వినగానే మీకు ఇంతేనా అనిపించవచ్చు. నాకూ చాలాకాలం అలాగే అనిపించింది. అలా అనిపించడానికి నేనెంత కష్టపడ్డానో మాత్రం నాకే తెలుసు.

మాది నిజామాబాద్ టౌను. నాన్నకు చిన్న కిరాణా దుకాణం. నేను హైదరాబాద్‌లో అప్లైడ్ జియోఫిజిక్స్ ఎమ్మెస్సీ చదివాను. ఏ యూనివర్సిటీయో చెప్పను, తప్పు నాది గనక. చివరి ఏడాది ప్రతి విద్యార్థీ ఒక ప్రాజెక్టు చెయ్యాలి. ఆ సమయంలోనే బోధన్‌కూ రెంజల్‌కూ మధ్య ఉన్న ఒక ఊరివాళ్లు మా గైడ్ దగ్గరికి వచ్చారు. వాళ్ల ఊరి పక్క కొండను తొలిచి కంకర కొట్టే మిషను పెట్టారు. కొండకు మందు పెట్టి పేల్చినప్పుడల్లా ఇళ్ల గోడలు పగులుతున్నాయని వాళ్ల గోడు. నేల ఎంత కదులుతోందో కొలిచి చెబితే పై అధికారులకు అర్జీ పెట్టుకుంటామన్నారు. మా గైడ్ నన్ను పిలిచి, నీ జిల్లాయే కదా, నువ్వెళ్లు అన్నాడు. నాకు ప్రాజెక్టు దొరికింది, వాళ్లకు లెక్క దొరుకుతుంది. అప్పటికి అందరికీ మంచిదే అనిపించింది.

పని చాలా సులువు. అట్టపెట్టె అంత మిషను ఒకటి. దానికి తీగతో కట్టిన చిన్న ఇనుప గుండులాంటి సెన్సార్. సెన్సార్‌ను నేలలో ప్లాస్టర్‌తో కదలకుండా బిగించాలి. నేల మనం ముందే పెట్టిన హద్దు కంటే ఎక్కువ కదిలితే మిషను మేలుకుని ఆ కదలికను రాసుకుంటుంది. దాన్ని ట్రిగ్గర్ అంటాం. కదలకపోతే ఊరుకుంటుంది. మిషను మీద ఒక పచ్చ దీపం ఉంటుంది, వెలుగుతుంటే బ్యాటరీ ఉన్నట్టు. రోజూ పొద్దున వెళ్లి దీపం చూడాలి, క్రితం రోజు ఎన్ని ట్రిగ్గర్లు పడ్డాయో చూడాలి, రెండూ నోటుబుక్కులో రాయాలి. నోటుబుక్కు పేజీలకు ముందే నంబర్లు వేసి గైడ్ సంతకం పెట్టి ఇచ్చాడు. కొట్టివేతలు ఉండకూడదని గట్టిగా చెప్పి పంపాడు.

మిషను పెట్టడానికి కొండకు దగ్గరగా ఉన్న ఇల్లు కావాలి. ఊరి చివరి ఇల్లు నర్సవ్వది. ఈ కాగితాల్లో నేను ఊరి పేరు దాస్తున్నాను, నా పేరు దాస్తున్నాను. ఆమె పేరు మాత్రం దాచబుద్ధి కావడం లేదు.

నర్సవ్వకు అరవై దాటి ఉంటాయి. ఒంటరి మనిషి. భర్త పోయాడు, ఒక్కతే కూతురు గంగమణి పెళ్లయి బోధన్‌లో ఉంది. ఇల్లు మట్టిగోడల పెంకుటిల్లు. పొద్దున్నించి పొద్దుగూకేదాకా కొండవైపు గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపి, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. చాటలో ఒకపక్క తడిపి కత్తిరించిన తునికాకు, ఒకపక్క తంబాకు. వేళ్లు వాటి పని అవి చేసుకుపోయేవి, ఆమె నాతో మాట్లాడుతూ ఉండేది. నేను మిషను బిగిస్తుంటే ఇది ఏం చేస్తుందని అడిగింది. నేల కదిలితే చెబుతుందన్నాను. ఆమె నవ్వింది. ఆ పని తాను ఎన్నేళ్లుగానో చేస్తున్నానంది. కొండ పేలితే మొదట తన నడుముకు తెలుస్తుందట, చాటలో తంబాకు పొడి సన్నగా వణుకుతుందట, ఆ తర్వాతే చెవులకు వినిపిస్తుందట.

ఆ మాటకు నేను చేతిలో పని ఆపేశాను. నేలలో నడిచే కదలిక గాలిలో నడిచే చప్పుడు కంటే ముందు వస్తుందని మాకు ఒక సెమిస్టర్ మొత్తం బోర్డు మీద గీసి చెప్పారు. బడి గడప తొక్కని ఆమె దాన్ని గోడకు ఆనుకుని నేర్చుకుంది.

నీ మిషినికి నాకు పందెం అంది నర్సవ్వ. చదువు లేదు కనక ఆమె లెక్క ఆమె పద్ధతిలో పెట్టింది. బీడీలు కట్టే దారం ఒక బారెడు తెంపి దర్వాజా పక్క మేకుకు వేలాడదీసింది. పేలుడు వచ్చినప్పుడల్లా దారానికి ఒక ముడి. సాయంత్రం చాట దించేముందు ఆ రోజు అయిపోయిందన్న గుర్తుగా చిన్న తునికాకు ముక్క. మళ్లీ మర్నాటి ముళ్లు. దారం అయిపోతే ఇంకోటి కలిపేది.

పసుపు ఉడకబెట్టే రోజులవి. బోధన్‌లో చిన్న గది తీసుకుని రోజూ పొద్దున్నే బండి మీద ఆ ఊరు వెళ్లేవాణ్ని. దారి పొడుగునా కళ్లాల్లో పసుపు ఆవిరి. వెళ్లగానే దీపం చూసి, ట్రిగ్గర్లు చూసి, తర్వాత దారం చూసేవాణ్ని. రెండు వారాలు చూశాను. మిషను మూడంటే దారం మూడు. మిషను ఒకటంటే దారం ఒకటి. ఒక్కరోజు కూడా తేడా రాలేదు. ఓడిపోయినవాళ్లు చాయ్ పోయాలని పందెం కాబట్టి, ఎవరూ ఓడకపోవడంతో రోజూ ఆమే చాయ్ పోసేది.

ఇక్కడిదాకా రాయడం సులువుగానే ఉంది. ఇకముందు కలం కదలడం లేదు.

నాకొక దురలవాటు ఉంది. నాకే కాదు, ప్రయోగాల రికార్డులు రాసిన ప్రతి విద్యార్థికీ ఎంతో కొంత ఉంటుంది. ముందే రాసిపెట్టుకోవడం. జవాబు ఎలాగూ తెలుసు కదా అని, కొలవకముందే గళ్లు నింపెయ్యడం. మూడో వారం వచ్చేసరికి నాకు పచ్చ దీపం చూడటం విసుగు పుట్టింది. రోజూ వెలుగుతూనే ఉంటుంది కదా. బుధవారం నాడు కొత్త బ్యాటరీ పెట్టి, నిజామాబాద్ ఇంటికి వెళ్లిపోయాను. అమ్మ చేతి అన్నం తిని, పాత స్నేహితులతో తిరిగి, క్రికెట్ మ్యాచ్‌లు చూసి సోమవారం వచ్చాను. వెళ్లేముందు బోధన్ బస్టాండులో కూర్చుని, గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రోజులకూ 'దీపం ఉంది' అని నీలి సిరాతో రాసేశాను. ట్రిగ్గర్ల గడి మాత్రం ఖాళీగా వదిలాను. అది మిషను చెబుతుంది, వచ్చాక నింపుకోవచ్చు.

నా దగ్గర రెండు బ్యాటరీలుండేవి. ఒకటి వాడుతుంటే ఒకటి గదిలో చార్జింగు. చార్జయినదానికి ఎర్ర టేపు చుట్టాలి, ఆ పద్ధతి నేనే పెట్టుకున్నాను. బుధవారం తొందరలో టేపు లేనిది తీసుకెళ్లి పెట్టాను. కాసేపు వెలిగింది. అది చూసి బండెక్కాను.

సోమవారం పొద్దున నేను గడపలో ఉండగానే నర్సవ్వ చెప్పింది.

"బిడ్డా, గీ డబ్బ దీపం బేస్తారం పొద్దుగాల్ల సంది ఎలుగుతలేదు. నీకు చెప్దామంటె నా తాన నంబరు లేదు. గీ నాలుగొద్దులు కొండ ఆగమాగం చేసిండ్రు. సూడు, గోడ ఎట్ల పలిగిందో."

చూశాను. ఆమె రోజూ ఆనుకునే గోడ మీద, పైనించి కిందిదాకా, వేలు పట్టేంత పగులు. తర్వాత దారం చూశాను. ఆమె బేస్తారం అన్న గురువారం నుంచి ఆదివారం దాకా తొమ్మిది ముళ్లు. ఒక్కో ముడి పక్కన మళ్లీ చిన్న ముడి, అంటే పెద్ద పేలుడు అని ఆమే చెప్పింది. అంతకుముందు ఎప్పుడూ అలాంటి జంట ముళ్లు వెయ్యలేదామె.

ఏ రోజుల కోసం ఊరివాళ్లు మమ్మల్ని పిలిచారో, సరిగ్గా ఆ రోజుల్లో మిషను చచ్చిపడి ఉంది.

అప్పుడు నేను చెయ్యగలిగింది ఏమిటి? ఎనిమిదేళ్లుగా ఇదే అడుక్కుంటున్నాను, జవాబు మాత్రం అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. నోటుబుక్కులో ఆ నాలుగు వరుసల మీద అడ్డంగా గీత కొట్టి, బ్యాటరీ లేదు, మిషను ఆగిపోయింది అని రాయాలి. గైడ్‌కు ఫోన్ చెయ్యాలి. తిట్లు తినాలి. ఇంకో పది రోజులు అక్కడే ఉండి కొలవాలి. అంతే. నా చదువు ఆగదు. నా మార్కులు కూడా పెద్దగా పోవు. కానీ నా కళ్లముందు కనిపించింది అవేవీ కాదు. కొట్టివేతలు లేని ఆ నోటుబుక్కు కనిపించింది. 'దీపం ఉంది' అని నా చేత్తో నేను రాసిన నాలుగు వరుసలు కనిపించాయి. ఆ పది రోజుల ఎండ కనిపించింది.

నర్సవ్వ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను.

"అవ్వా, దీపం సంగతి ఎవ్వలకు చెప్పకు. మా సార్‌కు తెలిస్తే నా పరీక్ష పోతది."

ఆమె చేతిలోని ఆకు కింద పెట్టింది. పని మధ్యలో ఆమె ఆకు కింద పెట్టడం నేను అదే మొదటిసారి చూడటం.

"నిజంగనే పోతదా?"

"పోతదవ్వా. ఏడాది మొత్తం పోతది."

"అట్లయితె నేనెందుకు చెప్త బిడ్డా? నోరు తెరువ. నీ చదువు కంటె ఎక్కువనా."

పరీక్ష పోయేది కాదని మీకు చెప్పాను. ఆమెకు చెప్పలేదు. నేను ఆమెను నోరు మూసుకోమని అడగడం ఒక తప్పు. అలా అడగడానికి ఆమె జాలిని వాడుకోవడం ఇంకో తప్పు. ఆమె ముందే నోటుబుక్కు తెరిచాను. ఖాళీగా ఉన్న నాలుగు గళ్లలో లేదు, లేదు, లేదు, లేదు అని రాశాను. మా చదువులో దానికి అర్థం ఒక్కటే. మిషను మేలుకునే ఉంది, నేల కదల్లేదు.

మిషను లోపలి ఫైలు తెరిచి చూస్తే అది ఏ గంటలో ఆగిందో తెలిసిపోతుంది. నేను గైడ్‌కు పట్టిక మాత్రమే అచ్చువేసి ఇచ్చాను. ఆయన నన్ను నమ్మి ఫైలు తెరవలేదు. ఆ నమ్మకం గురించి నాకు చాలారోజులు ఆయన మీదే కోపంగా ఉండేది, ఒక్కసారి తెరిచి చూస్తే ఏం పోయింది అని. చూశారా, మనిషి బుద్ధి ఎక్కడెక్కడ తప్పు వెతుక్కుంటుందో!

మే నెలలో ఊళ్లో విచారణ జరిగింది. పంచాయతీ ముందు షామియానా వేశారు. జిల్లా నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. మంచి మనిషే. అందరినీ కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగమని చెప్పి, ఓపిగ్గా విన్నాడు. గైడ్‌కు వేరే పని ఉండి నన్నే పట్టికతో పంపాడు. ఊరివాళ్లు గట్టిగానే మాట్లాడారు. పెద్ద పేలుళ్లు వచ్చాయి, గోడలు పగిలాయి అన్నారు. ఏ రోజు అని ఆఫీసరు అడిగితే మాత్రం ఒకరు శుక్రవారం అంటే ఒకరు ఆదివారం అన్నారు. పొలాల్లో, చెరకు కోతల్లో ఉన్నవాళ్లు ఏ పేలుడు ఏ రోజుదో ఎక్కడ గుర్తుపెట్టుకుంటారు? కంకర మిషను మేనేజరు మర్యాదగా లేచి, ఆ నాలుగు రోజులు తాము రంధ్రాలు మాత్రమే వేశామని, పేల్చలేదని చెప్పాడు. రోజులవారీగా లెక్క ఉన్నవి ఊరు మొత్తం మీద రెండే. నా పట్టిక, నర్సవ్వ దారం.

ఆఫీసరు రెండూ పక్కపక్కన పెట్టుకున్నాడు. తునికాకు ముక్కలు లెక్కపెడుతూ ఒక్కోరోజే చదివాడు. మొదటి రెండు వారాలు రెండూ ముడికి ముడి సరిపోయాయి. ఆయన ముఖం వెలిగింది. అమ్మా, నువ్వు బాగా రాసుకున్నావ్ అన్నాడు. నేను కూర్చున్న కుర్చీ నాకు గుచ్చుకోవడం మొదలైంది. తర్వాత ఆ గురువారం వచ్చింది. దారంలో మూడు. పట్టికలో లేదు. శుక్రవారం రెండు. లేదు. శనివారం, ఆదివారం కూడా అంతే. సోమవారం మధ్యాహ్నం, నేను చార్జయిన బ్యాటరీ తెచ్చి పెట్టినప్పటి నుంచి, మళ్లీ రెండూ కలిశాయి.

ఆయన ఆలోచనలో తప్పేమీ లేదు. ముందూ వెనకా అన్ని రోజులూ సరిపోయి, సరిగ్గా గోడ పగిలిందని చెబుతున్న నాలుగు రోజుల్లోనే తేడా వస్తే ఎవరైనా ఏమనుకుంటారు? ఇన్ని రోజులు ఆమె నిజాయితీగా వేసిన ముళ్లే ఆ రోజు ఆమెకు ఎదురుతిరిగాయి.

ఆ నాలుగు రోజులు మిషను పనిచేసిందా అని ఆయన నన్ను అడిగాడు.

"పనిచేసింది సార్" అన్నాను.

నా గొంతు వణకలేదు. అది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆఫీసరు నర్సవ్వ వైపు తిరిగి, నువ్వేమంటావమ్మా అని అడిగాడు. ఆమె ఒక్కమాట అంటే అయిపోతుంది. దీపం వెలగలేదు సారూ, ఈ పిలగాడు ఊళ్లో లేడు. ఒక్కమాట. ఆమె నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంటే నేను తట్టుకునేవాణ్నేమో. కోపం లేదు. చీకట్లో పిల్లవాడు భయపడితే తల్లి చూస్తుందే, అలా చూసింది.

"మిషిని అబద్దం ఆడదంటరు గద సారు. నేనే ఎక్కువ ఏసిన్నేమో. ముసల్దాన్నయితి, యాదికుంటలేదు."

వెనక వరుసలో ఎవరో నవ్వారు. ఊరిపెద్ద ఒకాయన పళ్లు నూరాడు, పరువు తీస్తివి నర్సవ్వా అన్నాడు. ఆమె ఆఫీసరు చేతిలోంచి దారం తీసుకుని, చుట్ట చుట్టి బొడ్లో దోపుకుంది. తల దించుకుని షామియానా దాటి వెళ్లిపోయింది. ఆమె మాట కోసం ఊరు మొత్తం ఎదురుచూసింది. నాకిచ్చిన మాట కోసం ఆమె ఊరి ముందు అబద్ధాలకోరు అయింది.

నేనప్పుడైనా లేచి ఉండొచ్చు. ఆమె షామియానా దాటేదాకా టైముంది. విచారణ ముగిసి చాయ్‌లు వచ్చేదాకా టైముంది. ఆఫీసరు జీపెక్కేదాకా ఉంది. నేను చాయ్ తాగాను.

కంకర మిషను ఆగలేదు. నాకు ఫస్టు క్లాసు వచ్చింది.

వానాకాలంలో, పట్టపగలు, ఆ గోడ కూలింది. నానిన మట్టి, నిలువునా పగులు, మళ్లీ ఒక పేలుడు. నర్సవ్వ దానికి ఆనుకునే కూర్చుని ఉంది. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి మోచేతి కింద నలిగిపోయింది. ఈ సంగతి ఆ ఊరి నుంచి ఫోన్ చేసి చెప్పినవాళ్లు, నీ మిషను మళ్లీ తెచ్చి కొలుస్తావా అని అడిగారు. మా సార్‌ను అడిగి చెబుతానన్నాను. అడగలేదు.

వారం తర్వాత వెళ్లాను. ఆమె బోధన్‌లో కూతురి ఇంట్లో ఉంది. అంతా చెప్పేద్దామనే వెళ్లాను. దారిలో బస్సులో మాటలు కూడా కూర్చుకున్నాను. గంగమణి వసారాలో బీడీలు చుడుతోంది. నర్సవ్వ ఆమె పక్కన, ఒళ్లో చాట లేకుండా, కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, పరీక్ష అయ్యిందా బిడ్డా అని. అయ్యిందవ్వా, మంచి మార్కులొచ్చాయి అన్నాను. ఆమెకు నిజంగానే సంతోషమైంది. కూతురితో, ఈ పిలగాడు మనింట్లనే కూసుండి చదివిండు అని చెప్పింది. వేళ్లు వంగడం లేదట. ఎడమచేత్తో ప్రయత్నించిందట, బీడీ వదులుగా వస్తోందట, కార్ఖానావాళ్లు తీసుకోలేదట. ఇవన్నీ ఏదో పక్కింటివాళ్ల సంగతి చెప్పినట్టు చెప్పింది.

గంగమణి అక్కడే ఉంది కదా, ఆమె ముందు ఎలా చెప్పడం అనుకున్నాను. అది సాకు. ఆమె లోపలికి వెళ్లినప్పుడు కూడా నేను చెప్పలేదు. అరడజను అరటిపళ్లు అక్కడ పెట్టి వచ్చేశాను.

తర్వాత నేను బాగుపడ్డాను. ఇలాంటి కొలతలే చేసే ఒక సంస్థలో ఉద్యోగం. క్వారీల దగ్గర, వంతెనల దగ్గర, సొరంగాల దగ్గర నేల కదలికలు కొలుస్తాను. కింద పనిచేసే కొత్త పిల్లలకు నా పేరు చెబితే హడల్. ముందే రాసిన గడి ఒక్కటి కనిపించినా నోటుబుక్కు విసిరికొడతాను. ఫైళ్లన్నీ తెరిచి చూస్తాను. ఈయనది మరీ చాదస్తం అని నా వెనక అనుకుంటారు, నిజాయితీగల మనిషి అని కూడా అంటారు. ఆ రెండో మాట విన్న రోజు నాకు అన్నం సహించదు. నేను మారానని చెప్పుకోవడానికి ఇదంతా రాస్తున్నానా? ఆ అనుమానం నాకూ వచ్చింది. మారినవాడు ఎనిమిదేళ్లు ఆగడు. ఇది నిజాయితీ కాదు, భయం. మళ్లీ ఎవరైనా ముసలామె నా కోసం తల దించుకుంటే చూడలేనన్న భయం.

పోయిన చలికాలంలో నర్సవ్వ పోయింది. నాకు ఆలస్యంగా తెలిసింది. తెలిశాక మూడు నెలలు ఊరుకున్నాను, ఇక చెప్పడానికి ఎవరున్నారులే అని. నిజం చెప్పొద్దూ, వినగానే దుఃఖం కంటే ముందు నాలో కొంచెం తేలిక పుట్టింది. ఆ సంగతి తెలిసిన రెండో మనిషి ఇక లేదు. నాలో అలాంటి ఆలోచన పుట్టిందని గ్రహించిన మర్నాడే బోధన్ బస్సెక్కాను.

గంగమణి అదే వసారాలో బీడీలు చుడుతోంది. ఈసారి ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. బ్యాటరీ, నాలుగు గళ్లు, పరీక్ష పోతుందన్న అబద్ధం, ఆమె తల్లి ఇచ్చిన మాట. చెబుతున్నంతసేపూ గంగమణి చేతులు ఆగలేదు. ఆకు, తంబాకు, చుట్టడం, దారం. నేను ముగించాక కూడా చేతిలోని కట్ట పూర్తి చేసి పక్కన పెట్టింది. నేను తిట్లకు సిద్ధపడి వెళ్లాను. తిడితే బాగుండును అనుకుంటూ వెళ్లాను.

"మా ఊళ్లె ఇప్పటికి గూడ ఎవలన్న ఎక్కువ చెప్తె నర్సవ్వ ముడి ఏస్తున్నవా అంటరు సార్" అంది. "అవ్వ ఉండంగనే అనేటోళ్లు. ఇని ఊకునేది. గోడ కూలినంక నేను గూడ అన్న. దొంగముళ్లు ఎందుకేసినవే, నువ్వు గమ్మునుంటె ఊరోళ్ల మాటన్న ఇందురు గద అని. చెయ్యి ఇరిగి పన్నదాన్ని పట్టుకొని అన్న. అప్పుడు గూడ చెప్పలేదు నాకు."

ఇక ఆమె నావైపు చూడలేదు. చాట ఒళ్లోంచి దించి లోపలికి వెళ్లింది. చాలాసేపు కూర్చున్నాను. లోపల ఆమె ఏడుస్తోందో లేదో తెలియలేదు. ఇంట్లోకి తొంగిచూసే హక్కు నాకు లేదు. నేను తేలికపడదామని వెళ్లి, నా బరువులో సగం తీసి ఆమె నెత్తిన పెట్టి వచ్చానని బస్టాండులో కూర్చున్నాక అర్థమైంది. తల్లి చచ్చిపోయాక ఇక ఆ దొంగముళ్ల మాటను ఆమె ఎలా వెనక్కి తీసుకుంటుంది?

ఆ ఊరికి వెళ్లి నలుగురి ముందు చెబుతానని, అక్కణ్నుంచి లేచి వచ్చేముందు, లోపలికి వినపడేలా గడప బయటి నుంచే గంగమణికి మాటిచ్చాను. నా మాటకు ఎంత విలువో మీకిప్పుడు తెలుసు, ఆమెకూ తెలుసు. అందుకే వెళ్లేలోపు నాకు మళ్లీ ధైర్యం చాలకపోతుందేమోనని కాగితం మీద పెడుతున్నాను. కాగితం మీదున్నదాన్ని ఇక లేదని అనలేను. మీరు క్షమించాలని అడగడం లేదు. క్షమించడానికి మీరెవరు? క్షమించగలిగిన మనిషి పోయింది. ఉన్న మనిషి లోపలికి వెళ్లిపోయింది.

ఆ నాలుగు రోజుల్లో కొండను తొమ్మిదిసార్లు పేల్చారు. మిషను ఆగిపోయి ఉంది. నేను ఊళ్లో లేను. నర్సవ్వ ఒక్క ముడి కూడా ఎక్కువ వెయ్యలేదు.